పిల్లలకు చరిత్ర: చంద్రగిరి కోటా, కాళహస్తి కలమా, ఊళ్ళో క్యాంపా?

పోయిన వేసవిలో ఒక సాయంత్రం మా పాప క్యాంపు నుంచి వచ్చి ఒక గుడ్డసంచీ నా ముందు పడేసింది. దాని మీద నెమలి. గీతలు ముందే అచ్చేసి ఉన్నాయి, మధ్యలో ఫ్యాబ్రిక్ పెయింట్ నింపారు. "ఇది కలంకారీ అంట మా" అంది. కలం ఏదీ అని అడిగితే "బ్రష్షులు ఇచ్చినారు" అంది. గంటన్నర వర్క్‌షాప్, కట్టిన డబ్బు తక్కువేమీ కాదు. సంచీ బాగానే ఉంది, ఇప్పటికీ అందులోనే కూరగాయలు తెస్తున్నాను. కానీ పదకొండేళ్ళ పిల్ల అక్కడ నేర్చుకున్నది గీత దాటకుండా రంగు నింపడం ఒక్కటే. అది యూకేజీలోనే వచ్చేసింది కదా!

ఆ కోపంతోనే సెలవుల్లో మిగతా రెండు దారులూ వెతికాను. పిల్లలు ఇద్దరు నాకు, చిన్నోడికి ఆరేళ్ళు. చేతులతో చేసే పని ద్వారా చరిత్రో కళో తెలియాలంటే తిరుపతిలో ఉండే మాలాంటివాళ్ళకు దగ్గర్లో ఉన్నవి మూడు: ఊళ్ళో వేసవి క్యాంపు, చంద్రగిరి కోటలోని మ్యూజియం, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ ఇల్లు. నేను చూసుకున్నది ఒక్కటే, పాతకాలంలో ఆ పని చేసిన చెయ్యి ఎట్లా కదిలిందో పిల్లల చెయ్యి కూడా అట్లా కదులుతుందా లేదా అని.

క్యాంపు గురించి ఎక్కువ చెప్పను. ఇంటికి దగ్గర, ఫ్యాను కింద నీడపట్టున పని, ఉద్యోగాలకు పోయే అమ్మలకు రెండు గంటలు నిశ్చింత. తోటి పిల్లలు దొరుకుతారు, అది చిన్న లాభం కాదు. డబ్బు కట్టేముందు ఒక్కమాట అడగండి: బొమ్మ గీసేది పిల్లలా, ప్రింటరా? జవాబు నసిగితే వదిలేయండి.

చంద్రగిరి మాకు అరగంట దారి. రాజమహల్‌లోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. లోపల రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు, వేటినీ తాకకూడదు. మన ఊరి సైన్స్ సెంటర్‌లో మీట నొక్కు, చక్రం తిప్పు అంటారు, ఇక్కడేమో చేతులు కట్టుకో అంటారు. రెండూ చూసిన మా చిన్నోడికి పెద్దవాళ్ళకు మతి లేదనిపించినట్టుంది.

కానీ అసలు వస్తువు ఆ భవనమే. మూడంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, ఎక్కడా కలప వాడలేదు. దాన్నే ఆటగా పెట్టాను: "కట్టెతో చేసిన దూలం ఒక్కటి చూపించు, ఐస్‌క్రీమ్ కొనిపెడతా." చిన్నోడు ప్రతి గదిలోనూ తల పైకెత్తి వెతికాడు. దూలం లేకుండా కప్పు ఎట్లా నిలిచింది అనే ప్రశ్న వాడే అడిగాడు. అప్పుడు కమాను చూపించి, రెండు చేతుల వేళ్ళూ ఒకదానికొకటి ఆనించి పైనుంచి నొక్కించాను. బరువు పక్కలకు పోవడం వాడి మణికట్టుకే తెలిసింది. పాప స్కెచ్ పుస్తకంలో కింద కమానులు ఒకవైపు, పైన గోపురాల్లాంటి శిఖరాలు ఇంకోవైపు గీసింది. మసీదు పోలికా గుడి పోలికా ఒకే మేడలో ఎందుకున్నాయని అడిగింది. పుస్తకంలో చదివి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు, గీయబట్టి వచ్చింది.

కథ కావాలంటే అదీ ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చారు. ఈస్టిండియా కంపెనీకి మద్రాసులో చోటు దొరికింది ఆ చివరి రాజుల కాలంలోనే, 1639లో. మా అమ్మమ్మగారి ఊరు చెన్నై కాబట్టి మా పిల్లలకు ఈ ముక్క బాగా అంటుకుంది. ఒక చిక్కుంది. ఇదంతా చెప్పేవాళ్ళు పక్కన లేకపోతే పిల్లలు ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి నీళ్ళ బాటిల్ అడుగుతారు. ముందురోజు రాత్రి మనం చదువుకోవాలి. ఎండాకాలమైతే తెరవగానే పోవాలి, తర్వాత ఆ కొండ బండలు సెగలు కక్కుతాయి.

తిరుమల మ్యూజియం ఎందుకు చెప్పలేదంటారేమో. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు చూపించాల్సినవే. కానీ దర్శనం క్యూలో నిలబడి వచ్చిన పిల్లలకు ఇంకే గాజుపెట్టే ఎక్కదు. అందుకే పక్కన పెట్టాను.

ఇక కాళహస్తి. కలంకారీని అక్కడ రాతపని అనేవాళ్ళు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో వేసేది అద్దకం. గుడుల కోసం రామాయణ, భారత కథలు గుడ్డ మీద గీసి, బొమ్మ కింద తెలుగులో కథ కూడా రాసేవాళ్ళు. ఈ పనికి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

మేము ముందుగా ఫోన్ చేసి, ఒక పూట పనికి ఎంత ఇవ్వాలో మాట్లాడుకుని పోయాము. కలంకారీ వేసే అన్న మొదట పాప ముక్కు దగ్గర గుడ్డ పెట్టి "వాసన చూడు పాపా" అన్నాడు. పాలవాసన. గుడ్డను కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కలం అంటే వెదురు పుల్ల, కొనకు కాస్త పైన గుడ్డో ఉన్నో చుట్టి దారంతో కట్టి ఉంటుంది. ఆ ఉండను వేళ్ళతో నొక్కితే రంగు దిగుతుంది. గట్టిగా నొక్కితే మరక. పాప మొదటి ఏడెనిమిది గీతలూ మరకలే. చింత బొగ్గుతో ముందు గీసుకున్న చేప కాస్తా కప్ప అయింది.

నలుపు రంగు పేరు కసిమి. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు రెండు మూడు వారాలు ఊరబెడితే వస్తుంది. గీసినప్పుడు పలచగా టీ నీళ్ళలా ఉంటుంది, గుడ్డలోని కరక్కాయ తగలగానే చూస్తుండగానే నల్లబడుతుంది. పాప నోరు తెరిచింది. ఎరుపు అంతకన్నా వింత: ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, గుడ్డంతా ఒకే రంగు నీళ్ళలో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. కెమిస్ట్రీ టీచర్ ఏడాదంతా చెప్పినా ఇంత ఎక్కదు.

లోటు కూడా చెబుతాను. పని ఒక రోజులో పూర్తికాదు. ఉతకాలి, ఆరాలి, మళ్ళీ రంగు. మేము రెండుసార్లు పోవాల్సి వచ్చింది. చిన్నోడైతే పావుగంట గీసి, తర్వాత వీధిలో మేకపిల్ల వెనక పడ్డాడు. ఆరేళ్ళ వాళ్ళకు ఇది బరువే.

కాబట్టి తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలుంటే నేను కాళహస్తికే ఓటేస్తాను, రెండు ఆదివారాలు పోయినా సరే. అంతకంటే చిన్నవాళ్ళకు చంద్రగిరి, అదీ చేతిలో పెన్సిలూ, వెతకడానికి ఏదో ఒకటీ ఇస్తేనే. ఇద్దరూ ఉన్న ఇంట్లో కోటే ముందు, ఒకే పూటలో అయిపోతుంది.

ఇప్పుడు మా మిద్దె మీద ఒక కుండలో తుప్పు మేకులు, బెల్లం ఊరుతున్నాయి. ఇవాళ్టికి పన్నెండో రోజు. రోజూ బడి నుంచి రాగానే పాప మూత తీసి చూస్తోంది. పక్కింటి అక్క మాత్రం నిన్న "ఏందిమా ఆ వాసన, సారా కాస్తుండారా?" అని అడిగింది.