పసిబిడ్డ ఉన్న ఏడాది: మారథానా, 10 కిలోమీటర్లా?

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. పోటీ రోజు కన్నా దానికి ముందున్న నాలుగు నెలల సాధనే అసలు బరువు. ఆదివారం 30 కిలోమీటర్ల లాంగ్ రన్ అంటే మూడు గంటలు బయటే, ఇంటికొచ్చాక మధ్యాహ్నమంతా ఒళ్లు తెలియని అలసట. అంతసేపూ బిడ్డను ఎత్తుకునేది ఇంకొకరు. పైగా ఒళ్లు కోలుకునేది నిద్రలోనే. రాత్రి నాలుగుసార్లు లేచేవాళ్లకు ఆ నిద్ర ఎక్కడిది?

10 కిలోమీటర్ల పోటీకి వారానికి మూడు పరుగులతోనూ సిద్ధం కావచ్చు. చాలావరకు బిడ్డ కునుకు తీసి లేచేలోపే ముగుస్తాయి. ఒక రోజు తప్పినా కొంప మునగదు.

నా ఓటు 10కే, కనీసం మొదటి ఏడాది. మారథాన్ తప్పదనుకుంటే, మీ లాంగ్ రన్‌కు బదులుగా భాగస్వామికి ఏ పూట పూర్తిగా ఖాళీ ఇస్తారో ముందే మాట్లాడుకోండి.

కాన్పయిన తల్లికి లెక్క వేరు. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ఇచ్చిన మార్గదర్శకాలు 12 వారాలలోపు పరుగు వద్దంటాయి. ఆ తర్వాతైనా పరుగులో మూత్రం కారినా, పొత్తికడుపు కింద బరువుగా అనిపించినా ఆగి, ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.