ఒప్పందం కంటే ముందే విడిపోయారు: ‘ద విండ్ దట్ షేక్స్ ద బార్లీ’

2006లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ అందుకున్న కెన్ లోచ్ సినిమా. రచన పాల్ లావర్టీ. బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం కోసం ఐర్లండ్ పోరాడుతున్న 1920లో, అక్కడి కార్క్ కౌంటీ పల్లెల్లో కథ మొదలై ఐరిష్ వాళ్ల మధ్య అంతర్యుద్ధం దాకా నడుస్తుంది. నిడివి రెండు గంటల పైచిలుకు. బ్రిటన్‌తో కుదిరిన ఆంగ్లో-ఐరిష్ ఒప్పందం విడదీసిన అన్నదమ్ముల కథ అని అందరూ చెప్పుకుంటారు. కానీ డేమియన్, టెడ్డీల మధ్య బీట పడేది అంతకు ముందు, ఒక కోర్టు సీనులో. దాన్ని పట్టుకోకపోతే రెండో సగం ఉత్త వాదులాటలా తోస్తుంది.

అది తిరుగుబాటుదారులు సొంతంగా పెట్టుకున్న రిపబ్లిక్ కోర్టు. జడ్జి ఒక స్త్రీ. పేద ముసలావిడ దగ్గర ఘోరమైన వడ్డీ గుంజిన వ్యాపారికి వ్యతిరేకంగా తీర్పు వస్తుంది. దళ నాయకుడు టెడ్డీ ఆ వ్యాపారిని బయటికి తీసుకుపోతాడు, తుపాకులు కొనడానికి డబ్బిచ్చేది అతనే కాబట్టి. మన కోర్టు మాట మనమే వినకపోతే ఇక ఎవరు వింటారని రైలు డ్రైవర్ డాన్ నిలదీస్తాడు. డాక్టరు డేమియన్ అతని పక్షాన నిలబడతాడు. ఇద్దరి వాదనలోనూ బలముంది, సీను గొప్పదనం అదే. తుపాకులు లేకుండా యుద్ధం సాగదు. వడ్డీ వ్యాపారిని కాపాడే రిపబ్లిక్ ఆ ముసలావిడకు అక్కర్లేదు.

డాన్ పాత్ర వెనక ఉన్నది అసలు చరిత్రే. 1920 మే నుంచి డిసెంబరు దాకా ఐరిష్ రైల్వే కార్మికులు బ్రిటిష్ సైనికులున్న, ఆయుధాలున్న రైళ్లు నడపబోమన్నారు. అందుకే స్టేషన్‌లో అతను దెబ్బలు తింటాడు, లండన్ ఆసుపత్రిలో చేరబోతున్న డేమియన్ అది చూసి ఆగిపోతాడు. డాన్, డేమియన్ తలుచుకునే జేమ్స్ కనోలీ బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో జరిగిన 1916 తిరుగుబాటు తర్వాత కాల్చివేతకు గురైన కార్మిక నాయకుడు. మన వి.వి. గిరి ఆ రోజుల్లో డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదువుకుని, ఇక్కడికొచ్చి రైల్వే కార్మిక సంఘాలు నడిపారు.

చూసేముందు కొన్ని తెలిసి ఉండాలి. బ్లాక్ అండ్ టాన్స్ అంటే పోలీసు దళంలోకి తీసుకున్న మాజీ సైనికులు. ఆగ్జిలరీలు మాజీ సైనికాధికారుల విడి దళం. 1921 డిసెంబరు ఒప్పందం ఇచ్చింది పూర్తి రిపబ్లిక్ కాదు, డొమినియన్ హోదా, అంటే బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటూ స్వపరిపాలన. పార్లమెంటు సభ్యులు రాజుకు విధేయత ప్రమాణం చేయాలి, ఉత్తర భాగం బ్రిటన్‌తోనే ఉండిపోవచ్చు. 1922 జనవరి 7న ఐరిష్ పార్లమెంటు డాయిల్‌లో అది 64–57తో నెగ్గింది. అంత తక్కువ తేడా అని తెలిస్తేనే సినిమాలో ఊరివాళ్లు హాల్లో చేసే చర్చ బరువు అర్థమవుతుంది. ఒప్పందం మీద సంతకం పెట్టిన కాలిన్స్, దాన్ని వ్యతిరేకించిన డి వాలెరా ఇందులో పాత్రలుగా రారు. షరతులు ఊరివాళ్లకు సినిమా హాల్లో న్యూస్‌రీల్ ద్వారా తెలుస్తాయి, మనకూ అంతే.

నటుల చేతికి లోచ్ మొత్తం స్క్రిప్టు ఇవ్వడు, కథ వరసలోనే షూట్ చేస్తాడు. ఆ పద్ధతి ఫలితం చర్చ సీన్లలో కనిపిస్తుంది: మాటకు మాట అడ్డం పడతారు, తడబడతారు, గొంతులు పెరుగుతాయి. కార్క్ యాస దట్టంగా ఉంటుంది, సబ్‌టైటిల్స్ లేకుండా చూస్తే ఈ సీన్లే మొదట చేజారతాయి. డేమియన్‌గా కిలియన్ మర్ఫీ నటన క్రిస్ రైలీ ఘట్టంలో శిఖరానికి చేరుతుంది. ఒత్తిడికి లొంగి సమాచారం ఇచ్చేసిన ఆ కుర్రాణ్ణి, చిన్నప్పటి నుంచి ఎరిగినవాణ్ణి, డేమియనే కాల్చాలి. ఆ తర్వాత కుర్రాడి తల్లిని సమాధి దగ్గరకు తీసుకెళ్లడం తెర మీద కనిపించదు. డేమియన్ తన ప్రియురాలు శినేడ్‌కు చెబుతుంటే వింటాం. చూపించి ఉంటే ఇంత కోత ఉండేది కాదు.

లోపం చివరి మూడో వంతులో ఉంది. ఒప్పందం తర్వాత టెడ్డీకి దక్కేది యూనిఫారం, కొన్ని ఆజ్ఞలు. మళ్లీ యుద్ధం వస్తే ఊళ్లు తగలబడతాయన్న అతని భయం నిజమైనదే, దానికి ఇంకొక్క మంచి సీను ఇచ్చి ఉండాల్సింది. రచయిత మొగ్గు డేమియన్ వైపే ఉందని దాచుకోడు. భూస్వామి హామిల్టన్ కూడా ఒకే రంగులో తయారైన పాత్ర.

టెడ్డీ గోళ్లు ఊడబెరికే సీను మొదటి సగంలోనే వస్తుంది. పిల్లల్ని కూర్చోబెట్టుకుని చూసే సినిమా కాదిది. రెండోసారి చూసేవాళ్లు శినేడ్ వాళ్ల ఇంటి ముంగిలి మీద కన్నేయండి: మొదట బ్రిటిష్ సైనికులు సోదా చేసిన చోటే, తర్వాత ఆ ఇంట్లో అన్నం తిన్నవాళ్లు కొత్త యూనిఫారాల్లో సోదాకు వస్తారు.