కణితి ఎదుగుదలను చూడటానికి ఎఫ్‌డీజీ మేలా, ఎఫ్‌ఎల్‌టీ మేలా?

కణితి ఎక్కడుందో తెలుసుకోవడం వేరు, అది ఎంత చురుగ్గా పెరుగుతోందో తెలుసుకోవడం వేరు. ఎఫ్‌డీజీ, ఎఫ్‌ఎల్‌టీ అనేవి పెట్ స్కాన్‌కు వాడే రెండు ట్రేసర్లు, అంటే శరీరంలోకి ఎక్కించాక తాము చేరిన చోటును రేడియోధార్మికతతో స్కాన్‌లో వెలిగించి చూపే పదార్థాలు. వీటిని పోల్చేటప్పుడు ఈ తేడాను మరిస్తే తీర్పు తప్పుతుంది.

1976లో అమెరికాలో తొలిసారి మనుషులకు ఇచ్చిన ఎఫ్‌డీజీ, ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలించిన గ్లూకోజ్ వంటి పదార్థం. క్యాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా లాక్కుంటాయి. లోపలికి వెళ్లిన ఎఫ్‌డీజీకి హెక్సోకైనేజ్ ఎంజైమ్ ఒక ఫాస్ఫేట్‌ను జోడించగానే అది బయటికి రాలేక అక్కడే పేరుకుపోతుంది. అయితే ఇక్కడ మనం కొలుస్తున్నది కణం ఆకలిని, విభజనను కాదు. క్షయ సోకిన లింఫ్ గ్రంథి కూడా కణితిలాగే వెలుగుతుంది కనుక, క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ లోపాన్ని తేలిగ్గా తీసుకోలేము. మెదడు ఎప్పుడూ గ్లూకోజ్ మీదే ఆధారపడుతుంది కాబట్టి అక్కడి కణితి ఆ వెలుగులో కలిసిపోవచ్చు.

ఆంథొనీ షీల్డ్స్ బృందం 1998లో పరిచయం చేసిన ఎఫ్‌ఎల్‌టీ, డీఎన్‌ఏ తయారీకి కావలసిన థైమిడిన్‌ను పోలి ఉంటుంది. విభజనకు సిద్ధమయ్యే కణాల్లో హెచ్చుగా ఉండే థైమిడిన్ కైనేజ్-1 అనే ఎంజైమ్ దీన్ని పట్టి ఉంచుతుంది. అంటే ఎదుగుదల గురించి మన ప్రశ్నకు ఇది మరింత దగ్గరి జవాబు. ఆరోగ్యవంతమైన మెదడులోకి ఇది పెద్దగా చేరదు కనుక అక్కడి కణితి స్పష్టంగా కనిపిస్తుంది. కాకపోతే రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ దెబ్బతిన్న చోటే అది ఎక్కువగా చేరుతుందని గుర్తుంచుకోవాలి. కాలేయం, ఎముక మూలుగ సహజంగానే దీన్ని బాగా గ్రహిస్తాయి కాబట్టి అక్కడికి పాకిన క్యాన్సర్‌ను వెతకడానికి ఇది పనికిరాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. 5-ఫ్లోరోయురాసిల్ వంటి క్యాన్సర్ మందు, డీఎన్‌ఏకు కావలసిన థైమిడిలేట్ అనే ముడిసరుకును కణం సొంతంగా తయారుచేసుకునే దారిని మూసేస్తుంది. అప్పుడు కణం బయటి థైమిడిన్ కోసం వెతుక్కుంటుంది, ఎఫ్‌ఎల్‌టీ వెలుగు తాత్కాలికంగా పెరుగుతుంది. మందు పనిచేస్తున్నందుకు కనిపించిన ఆ వెలుగును చూసి కణితి ముదిరిందని భావిస్తే, రోగికి మేలు చేస్తున్న చికిత్సనే ఆపేసే ప్రమాదం ఉంది.

తయారీ విషయంలో రెండింటిలోనూ ఫ్లోరిన్-18 ఉంది, దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోయే సమయం, దాదాపు 110 నిమిషాలు. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఉన్న చోటి నుంచి మరో ఆసుపత్రికి పంపడానికి అది చాలు. అంతకుముందు ప్రయత్నించిన కార్బన్-11 థైమిడిన్‌కు అర్ధాయువు దాదాపు 20 నిమిషాలే, పైగా అది రక్తంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఎఫ్‌డీజీ తయారీ మాత్రం 1986లో జర్మనీలోని యూలిష్‌లో వచ్చిన పద్ధతితో ఎంతో సులువైంది.

అందుకే వ్యాధి శరీరంలో ఎంతవరకు పాకిందో మొదటిసారి చూసేటప్పుడు నా ఓటు ఎఫ్‌డీజీకే. చికిత్స మొదలైన కొద్ది రోజుల్లోనే కణాల విభజన తగ్గిందా అని అడిగే పరిశోధనల్లో ఎఫ్‌ఎల్‌టీ మేలు, అయితే చికిత్సకు ముందు తీసిన స్కాన్ పక్కన ఉండాలి, ఇస్తున్న మందు ఏదో స్కాన్ చదివేవారికి తెలిసి ఉండాలి.