తుంటి అరుగుదలకి సాగే పట్టీ: ఏది కొనాలి, ఎక్కడ కట్టాలి

విజయవాడ సూర్యారావుపేటలో సర్జికల్ షాపుకి వెళ్లి ఎక్సర్‌సైజ్ బ్యాండు అడిగితే సాధారణంగా రెండు రకాలుంటాయి. ఒకటి గాజుల్లా గుండ్రంగా అతికిన రంగురంగుల చిన్న చుట్టల ప్యాకెట్టు, రెండోది రిబ్బను లాంటి పొడుగాటి పట్టీ. తుంటి కీలు అరిగినవాళ్లకి రెండోదే నయం. చుట్టలు పొట్టివి. మోకాళ్లు కాస్త ఎడం కాగానే బిర్రుగా బిగుస్తాయి, పైగా తొడ మీద తాడులా మెలి తిరిగి ఒరుసుకుంటాయి. పట్టీ ఒకటిన్నర మీటరు తీసుకుంటే పొడవు మనమే సర్దుకోవచ్చు.

రంగు చూసి మోజుపడి కొనకండి, అది బలానికి గుర్తు. థెరాబ్యాండ్ అనే కంపెనీ లెక్కలో పట్టీని రెట్టింపు పొడవుకి సాగదీస్తే పసుపు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3 కిలోల బలంతో లాగుతుంది. వేరే కంపెనీ పట్టీకి ఈ లెక్క పనికిరాదు, చేత్తో లాగి చూసుకోవాల్సిందే. పెద్దవాళ్లు పసుపుతో మొదలుపెడితే నామోషీ ఏమీ లేదు.

పట్టీ వల్ల అరిగిన గుజ్జు తిరిగి రాదు, అలా చెప్పి అమ్మేవాళ్లని నమ్మొద్దు. ఇది పనిచేసేది కండరం మీద. పిరుదు పక్కనుండే గ్లూటియస్ మీడియస్ అనే కండరం నీరసిస్తే, ఆ కాలి మీద బరువు వేసినప్పుడు నడుం అవతలి పక్కకి జారి నడక ఊగుతుంది. 'అరిగింది, ఇక కదలకండి' అనే సలహా ఈ కండరాన్ని ఇంకా చంపుతుంది. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో కీళ్ల అరుగుదలకి వ్యాయామాన్నే ముందు పెట్టింది. పారాసిటమాల్‌ని మామూలుగా రాయొద్దంది.

అన్నిటికన్నా పనికొచ్చేది పక్కకి పడుకుని కాలు లేపడం. బాగున్న పక్కకి తిరిగి పడుకుని, కింది మోకాలు మడవాలి. పట్టీని రెండు తొడలకీ కలిపి, మోకాళ్లకి నాలుగు వేళ్లు పైన కట్టాలి. పై కాలు చాచి, మడమని ఒక్క అంగుళం వెనక్కి పెట్టి, బొటనవేలు ముందుకే చూసేలా ఉంచి జానెడు ఎత్తు లేపితే చాలు. లేపడానికి రెండు సెకన్లు, దించడానికి మూడు. ఎక్కువమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: కాలివేళ్లు పైకప్పు వైపు తిరిగి, నడుం వెనక్కి వాలుతుంది. కాలు బాగా ఎత్తుకి లేచినట్టే ఉంటుంది, కానీ పని తొడ ముందు కండరాలకి పోతుంది. వీపుని గోడకి ఆనించి చేస్తే ఈ దొంగతనం దొరికిపోతుంది. పట్టీని చీలమండ దగ్గర కట్టొద్దు, మీట (లివర్) పొడవు పెరిగి తుంటి మీద భారం దాదాపు రెట్టింపవుతుంది.

పది చొప్పున రెండు విడతలు, వారానికి రెండు మూడు రోజులు. కీళ్లు అరిగినవాళ్లకి వ్యాయామం నేర్పే, డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ కార్యక్రమం కూడా ఆరు వారాల్లో 12 రోజులే చేయిస్తుంది, కాబట్టి పది రోజులకే తేడా లేదని పట్టీని అటకెక్కించొద్దు. చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థాయికి రావాలి. రాకపోతే ఎత్తు తగ్గించండి, లేదా పట్టీ తీసేసి ఉత్త కాలితో చేయండి. ఒక విడతలో పన్నెండు సార్లు సునాయాసంగా వస్తే తర్వాతి రంగు. కిందపడ్డాక కాలు మోపలేకపోయినా, నొప్పితో జ్వరం వచ్చినా ముందు డాక్టరు దగ్గరికి. కీలు మార్పిడి అయినవాళ్లు సర్జన్‌ని అడక్కుండా పట్టీ ముట్టుకోవద్దు.

మన్నిక మాత్రం అంతంతే. పట్టీ చేసేది లేటెక్సు అనే రబ్బరుతో, దానికి వేడీ ఎండా పడవు. బెజవాడ వేసవిలో స్కూటర్ డిక్కీలో వదిలేసినా, డాబా మీద ఆరేసినా పెళుసెక్కుతుంది. చెమట అంటితే మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, కాస్త టాల్కం పౌడరు రాసి చుట్టిపెట్టాలి. కట్టే ముందు ట్యూబులైటు వెలుగుకి ఎదురుగా సాగదీసి చూడండి. సూదిమొన అంత రంధ్రం కనిపించినా పారేయాల్సిందే, ఎక్కువగా తెగేది ముడి దగ్గరే. చర్మం దద్దుర్లెక్కితే లేటెక్సు లేని రకం అడగండి.