జర్మనీ ఆన్‌సైట్: ఐసీటీ కార్డా, బ్లూ కార్డా, ఏది మేలు?

జర్మనీ ఛాన్స్ వచ్చిందనగానే మనవాళ్లు ముందు అడిగేది జీతం ఎంత అని. ఆ తర్వాత ఫ్యామిలీని ఎప్పుడు తీసుకెళ్లొచ్చు అని. అక్కడ చేతికొచ్చే కార్డు ఏ రకందో అడిగేవాళ్లు చాలా తక్కువ. ‘పర్మిట్ సంగతి మేం చూసుకుంటాం’ అని హెచ్‌ఆర్ అంటే సరేనని సంతకం పెట్టేస్తారు. ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు మూడేళ్లు తిరిగేసరికి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) చేతిలో పెట్టుకుని ఉంటే, రెండోవాళ్లు అదే మూడేళ్లకు సూట్‌కేసు సర్దుకోవాల్సి రావచ్చు. కాంట్రాక్టు ఏ దేశం కంపెనీతో ఉందన్న దగ్గరే ఇంత తేడా వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అక్కడ ఉండిపోవాలన్న ఆలోచన కొంచెం ఉన్నా బ్లూ కార్డే అడగండి. కచ్చితంగా తిరిగొచ్చేస్తాం అనుకునేవాళ్లకు మాత్రం ఐసీటీ బాగానే ఉంటుంది, కొన్ని విషయాల్లో మెరుగు కూడా.

ఐసీటీ (ఇంట్రా-కార్పొరేట్ ట్రాన్స్‌ఫర్) అంటే కంపెనీ తన ఉద్యోగిని తన గ్రూపులోనే ఉన్న జర్మనీ శాఖకు పంపడం. మీ అసలు కాంట్రాక్టు ఇండియా కంపెనీతోనే ఉంటుంది. వెళ్లేముందు ఆ కంపెనీలో కనీసం 6 నెలలు ఆపకుండా పనిచేసి ఉండాలి, దరఖాస్తు జర్మనీ బయటి నుంచే పెట్టుకోవాలి. మేనేజర్లకు, స్పెషలిస్టులకు గరిష్ఠంగా 3 ఏళ్లు, ట్రైనీలకు ఏడాది. ఆ గడువు పూర్తయ్యాక మళ్లీ ఐసీటీ మీదే రావాలంటే మధ్యలో 6 నెలల ఎడం ఉండాలి. అంటే మిమ్మల్ని వెనక్కి పంపేస్తామన్న ముందుమాటతోనే ఇచ్చే కార్డు ఇది.

బ్లూ కార్డుకు జర్మనీ కంపెనీతో నేరుగా కాంట్రాక్టు ఉండాలి, డిగ్రీ ఉండాలి, జీతం ఒక గీత దాటాలి. 2026లో ఆ గీత ఏడాదికి 50,700 యూరోలు. ఐటీ, ఇంజనీరింగ్, వైద్యం లాంటి మనుషుల కొరత ఉన్న ఉద్యోగాలకు, డిగ్రీ పూర్తయి 3 ఏళ్లు దాటనివాళ్లకు 45,934.20 యూరోలు చాలు. ఐటీవాళ్లకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది, గత 7 ఏళ్లలో 3 ఏళ్ల తగిన అనుభవం ఉంటే డిగ్రీ లేకపోయినా ఈ తక్కువ గీత మీద బ్లూ కార్డు వస్తుంది. 2023 నవంబరులో చట్టం మారినప్పుడు వచ్చిన మార్పు ఇది, చాలామందికి ఇప్పటికీ తెలీదు.

ఈ గీత దగ్గర ఆఫర్ లెటర్‌ని కాస్త జాగ్రత్తగా చదవండి. పైన పెద్ద అక్షరాల్లో 52,000 అని ఉంటుంది, చూడగానే హమ్మయ్య దాటేశాం అనిపిస్తుంది. కింద చూస్తే ఫిక్స్‌డ్ 44,500, మిగతా 7,500 పనితీరు మీద ఆధారపడే వేరియబుల్. పర్మిట్ ఇచ్చేవాళ్లు లెక్కేసేది గ్యారంటీగా చేతికొచ్చే మొత్తాన్నే, కాబట్టి ఈ లెటర్‌తో తక్కువ గీత కూడా దాటలేరు. ఇలాంటప్పుడు జీతం పెంచమని అడగక్కర్లేదు, తక్కువ గీత వర్తించేవాళ్లు వేరియబుల్‌లోంచి ఓ 2,000 ఫిక్స్‌డ్‌లోకి మార్చమంటే సరిపోతుంది. మొత్తం ఖర్చు మారదు కాబట్టి కంపెనీలు దీనికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ, కానీ సంతకం పెట్టకముందే అడగాలి.

ఇక అసలు లెక్క పీఆర్‌ది. బ్లూ కార్డు మీద పనిచేస్తూ పెన్షన్ కడుతూ ఉంటే, జర్మన్ భాష ఏ1 (మొదటి మెట్టు) స్థాయితో 27 నెలలకు, బీ1 (మధ్య మెట్టు) స్థాయితో 21 నెలలకు శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టొచ్చు. ఐసీటీ మీద గడిపిన నెలలు ఈ 27లోకి రావు. మూడేళ్లు అక్కడే ఉండి, పిల్లల్ని కిండర్‌గార్టెన్‌లో వేసి, భాష కూడా నేర్చుకున్నాక బ్లూ కార్డుకు మారితే మీ లెక్క మళ్లీ ఒకటో నెల నుంచి మొదలవుతుంది. ఇది ముందే తెలిసుంటే చాలామంది వేరేలా నిర్ణయం తీసుకునేవాళ్లు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నెలలు ఏ ఖాతాలో పడుతున్నాయో పేస్లిప్ చూస్తే తెలిసిపోతుంది. జర్మన్ పేస్లిప్‌లో ఆర్‌వీ అని ఒక గడి ఉంటుంది, అది పెన్షన్ కోత. మొత్తం 18.6 శాతంలో సగం, అంటే 9.3 శాతం మీ జీతంలోంచి పోతుంది, మిగతా సగం కంపెనీ కడుతుంది. బ్లూ కార్డు ఉన్నవాళ్లకు ఈ కోత ప్రతి నెలా కనిపిస్తుంది, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది కూడా, కానీ పీఆర్‌కి సాక్ష్యం అదే. ఐసీటీ మీద వెళ్లినవాళ్లు సాధారణంగా ఇక్కడ పీఎఫ్ కడుతూ, ఈపీఎఫ్‌ఓ నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీసుకుని అక్కడ ఈ కోత తప్పించుకుంటారు. రెండు దేశాల మధ్య 2017 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం 48 నెలల దాకా అలా కుదురుతుంది. తిరిగొచ్చేవాళ్లకు ఇది నిజంగా లాభం, పీఎఫ్ తెగదు, చేతికొచ్చే డబ్బూ ఎక్కువ. ఐసీటీకి ఇంకో సుఖం ఏంటంటే మేనేజర్, స్పెషలిస్టు కేటగిరీల్లో డిగ్రీ గుర్తింపు కోసం తిరగాల్సిన పని తక్కువ, తిరిగొచ్చాక మీ సీటు మీకు ఉంటుంది. తల్లిదండ్రుల ఆరోగ్యం చూసుకోవాలి, ఇల్లు ఇక్కడే కట్టుకున్నాం, రెండేళ్లు వెళ్లి అనుభవం తెచ్చుకుంటే చాలు అనుకునేవాళ్లకు నేనైతే ఐసీటీనే చెప్తాను.

ఉద్యోగం మారే విషయంలో మాత్రం రెండింటికీ పోలికే లేదు. ఐసీటీ ఆ కంపెనీ గ్రూపుకే కట్టేసిన కార్డు. అక్కడ పక్క కంపెనీవాళ్లు పిలిచినా దాని మీద వెళ్లలేరు, వాళ్లిచ్చే కాంట్రాక్టుతో కొత్త పర్మిట్‌కి మళ్లీ దరఖాస్తు పెట్టాల్సిందే. బ్లూ కార్డు ఉంటే మొదటి 12 నెలల్లో మారినా విదేశీయుల కార్యాలయానికి తెలియజేస్తే చాలు, వాళ్లు 30 రోజులపాటు ఆపి పరిశీలించే హక్కు మాత్రం ఉంటుంది. ఏడాది దాటితే ఆ అడ్డంకీ పోతుంది. బాస్‌తో పడకపోయినా, ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీదకి వచ్చినా ఈ స్వేచ్ఛ విలువ అప్పుడు తెలుస్తుంది. ఐసీటీ మీద ఉన్నవాళ్లకు ప్రాజెక్టు ఆగిపోతే ఉద్యోగం, వీసా, పిల్లల స్కూలు మూడింటి టెన్షన్ ఒకేసారి మొదలవుతుంది.

ఇంటికి ఎక్కువ రోజులు రావాల్సిన పరిస్థితి ఉంటే ఇంకో మాట. మామూలు పర్మిట్లు సాధారణంగా 6 నెలలు బయట ఉంటే చెల్లకుండా పోతాయి, బ్లూ కార్డుకైతే ఈయూ బయట 12 నెలల దాకా వెసులుబాటు ఉంది. భార్య లేదా భర్త అక్కడ ఉద్యోగం చేసుకునే విషయంలో రెండు కార్డుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండింటిలోనూ చేసుకోవచ్చు.

జీతం బ్లూ కార్డు గీతకు అందకపోతే? జర్మన్ కాంట్రాక్టు ఉంటే నైపుణ్యం ఉన్న ఉద్యోగులకిచ్చే మామూలు పర్మిట్ ఉంది. దాని మీద బీ1తో 3 ఏళ్లకు పీఆర్ అడగొచ్చు. నా లెక్కలో ఇది కూడా ఐసీటీ కన్నా మేలే, ఎందుకంటే నెలలు మీ ఖాతాలో పడతాయి. కాకపోతే 45 ఏళ్లు దాటాక మొదటిసారి ఈ పర్మిట్ తీసుకునేవాళ్లకు 2026లో కనీసం 55,770 యూరోల జీతమైనా ఉండాలి, లేదా ముసలితనానికి సరిపడా పెన్షన్ ఉందని చూపించాలి. అంటే 45 దాటినవాళ్లకు బ్లూ కార్డు గీతే తక్కువ, సీనియర్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్‌లో మొదలైన ఆపర్చునిటీ కార్డు సంగతి వేరు, చేతిలో ఆఫర్ ఉన్నవాళ్లకు దాని అవసరమే లేదు.

హెచ్‌ఆర్‌ని మూడు ప్రశ్నలు మెయిల్‌లోనే అడగండి, నోటిమాటగా వద్దు. కాంట్రాక్టు ఏ కంపెనీ పేరు మీద ఉంటుంది? పెన్షన్ ఏ దేశంలో కడతారు? మధ్యలో లోకల్ కాంట్రాక్టుకు, అంటే జర్మనీ శాఖతో నేరుగా కాంట్రాక్టుకు మారుస్తారా, మారిస్తే ఎన్ని నెలలకు? మూడోదానికి ‘తర్వాత చూద్దాం’ అని జవాబొస్తే అది కుదరదనే అనుకుని మీ ప్లాన్ వేసుకోండి. బ్లూ కార్డుకు టైమ్ పడుతుంది, ఐసీటీ అయితే త్వరగా అయిపోతుంది అని వాళ్లంటే, 411 యూరోలు కట్టి కంపెనీయే పెట్టుకోగలిగే ఫాస్ట్ ట్రాక్ విధానం ఉందని గుర్తు చేయండి, దాంట్లో ఎంబసీ అపాయింట్‌మెంట్ 3 వారాల్లోపే ఇవ్వాలి. ఇప్పటికే ఐసీటీ మీద వెళ్లి అక్కడే ఉండాలనిపిస్తున్నవాళ్లు మూడో ఏడాది దాకా ఆగకండి. లోకల్ కాంట్రాక్టు మాట మొదటి అప్రైజల్‌లోనే ఎత్తండి.