నాలుగేళ్లుగా నాతో కొండలెక్కిన 70-300 లెన్స్

కొండల ఫొటోలకి, ఎక్కువ దృశ్యాన్ని ఒకేసారి పట్టే వైడ్ లెన్సే కావాలని నేనూ అనుకునేవాణ్ణి. 2021లో విశాఖలో సెకండ్‌హ్యాండ్‌లో ఈ 70-300 ఎంఎం జూమ్ కొన్నది పిట్టల కోసం. ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరపువాటిని దగ్గరికి లాగుతుంది. పిట్టల్ని తీసింది గట్టిగా పది రోజులు. తర్వాత అంతా కొండలే.

నా మనసు మార్చింది సందక్‌ఫూ. పశ్చిమ బెంగాల్, నేపాల్ సరిహద్దులో 3,636 మీటర్ల ఎత్తు. నవంబర్ తెల్లవారుజామున ఎదురుగా కాంచనగంగ. కళ్లకి ఆకాశమంతా నిండినట్టున్న కొండ, వైడ్ లెన్స్ పెట్టి 18 ఎంఎంలో తీస్తే ఫొటోలో ఉప్పుతో గీసిన గీతలా పడింది. వణికే వేళ్లతో లెన్స్ మార్చి 200 దగ్గర పెట్టాను. శిఖరం మీంచి గాలికి లేస్తున్న మంచుపొడితో సహా దిగింది. ఎడమకి తిప్పితే ఎవరెస్ట్ వరస. ముందున్న మకాలు శిఖరం పెద్దగా కనబడుతుంటే ఎవరెస్ట్ దాని వెనక ఒదిగి ఉంటుంది. 300కి లాగితే గానీ ఏది ఏదో తేలలేదు. నా కెమెరా ఏపీఎస్-సీ, అంటే లోపలి సెన్సర్ చిన్నది, అందుకే 300 అంటే పెద్ద సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్) కెమెరాలో 450 కింద లెక్క.

పాడేరు దగ్గర వంజంగిలోనూ ఇదే పని చేసింది. మబ్బుల సముద్రాన్ని అందరూ ఫోన్లో తీస్తారు. 100-150 మధ్య తీసి చూడండి, మబ్బుల్లోంచి తేలిన కొండ వరసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు దగ్గరికొస్తాయి. ఒక్కో వరసదీ ఒక్కో నీలం.

ఇక తిట్లు. మెళ్లో వేసుకుని ఎక్కుతుంటే జూమ్ గొట్టం దానంతటదే కిందికి జారుతుంది. కొత్తిమీర కట్టకొచ్చిన రబ్బరు బ్యాండు బిగించాను, ఇప్పటికీ అదే దిక్కు. 250 దాటితే ఫొటో అంచుల్లో స్పష్టత తగ్గుతుంది, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి చిన్నది చేస్తే కొంత నయం. ఎండెక్కాక దూరపు కొండల అంచులు నీళ్లలో ఉన్నట్టు అల్లాడతాయి. అది లెన్స్ లోపమనుకుని సర్వీసుకిచ్చాను. డబ్బు దండగ, తప్పంతా వేడి గాలిది.

అసలు దెబ్బ విశాఖ చెమ్మతో. రెండో వర్షాకాలానికి లోపలి అద్దం మీద సాలెగూడులా బూజు పట్టింది. బియ్యం డబ్బాలో పెట్టమని మా అత్తయ్య సలహా. పెట్టాను, తవుడు వెళ్లి జూమ్ రింగులో చేరింది. శుభ్రం చేయించాక, గాలి చొరబడని డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి ఉంచుతున్నా.

చలి ప్రాంతాలకి తీసుకెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. వెచ్చటి గదిలోకి రాకముందే, బయటే, కెమెరాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టేయాలి. చెమ్మంతా కవరు మీద పడుతుంది, అద్దం బతికిపోతుంది. అరగంట ఆగి విప్పండి.

వైడ్ లెన్స్ అమ్మలేదు, రాత్రి చుక్కలకి కావాలి. డిసెంబర్‌లో వంజంగికి ఒక్క లెన్సే మోయమంటే మాత్రం సంచిలోకెళ్లేది ఇదే, రబ్బరు బ్యాండుతో సహా.