చెక్క బాడీ పాత బండికి ఎవరి చెయ్యి మేలు? లారీ షెడ్డా, పడవ మేస్త్రా?

తాతల నాటి కారో వ్యానో షెడ్డులో ఉండిపోయిందనుకోండి. ఇంజను సంగతి ఎలాగోలా తేలుతుంది. రాజమండ్రిలోనో భీమవరంలోనో పాతకాలపు మెకానిక్ ఒకరు తగులుతారు, సామాను చెన్నై నుంచో ముంబై నుంచో తెప్పించుకోవచ్చు. పీకులాటంతా బాడీతోనే. 1930ల తొలినాళ్ల షెవర్లే కార్లకు పైకి కనబడేది రేకు, దాన్ని నిలబెట్టేది లోపలి చెక్క ఫ్రేము. 1945లో వచ్చిన ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఎంజీ టీసీ కూడా అంతే. మోరిస్ మైనర్ ట్రావెలర్‌కైతే వెనక భాగంలో చెక్క బయటికే ఉంటుంది. చూసినవాళ్లు సోకనుకుంటారు గానీ అక్కడ బరువు మోసేది ఆ చెక్కే. ఇంగ్లండులో ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్తే దాన్ని కూడా బాడీలో భాగంగానే చూస్తారు.

ఇలాంటి పనికి ‘వింటేజ్ కార్ల వడ్రంగి’ అని బోర్డు పెట్టుకున్నవాణ్ణి గోదావరి డెల్టాలో వెతుక్కుంటూ కూర్చుంటే కాలం గడిచిపోతుంది, ఈలోపు చెదలు వాటి పని అవి చేసుకుపోతాయి. మనకు అందుబాటులో ఉన్నది లారీ, బస్సు బాడీలు కట్టేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు, ఇంటి వడ్రంగులు, బండి చక్రాలూ రథాలూ చేసేవాళ్లు. నా ఓటు పడవ మేస్త్రికి. అయితే ఆయన్ని ఒంటరిగా వదలకూడదు, అది తర్వాత చెబుతాను.

ఎవరి దగ్గరికి వెళ్లేముందైనా ఒక పని చేయండి. డ్రైవరు పక్క తలుపు సగం తెరిచి, పిడి పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కీలు దగ్గర మరలు వదులైతే కీలు మాత్రమే కదులుతుంది. కీలుతో పాటు రేకు కూడా ఊగిందంటే లోపలి స్తంభం చెక్క పోయిందన్నమాట. తర్వాత కిందికి వంగి గుమ్మం చెక్కను, అంటే తలుపు కింద బండి పొడవునా సాగే చెక్కను, స్క్రూడ్రైవరుతో పొడవండి. మన గాలిలో తేమకు ముందు కుళ్లేది అదే. అద్దం సందులోంచి దిగిన వాన నీళ్లు తలుపు అడుగున చేరి అక్కడే నిలుస్తాయి. మేస్త్రికి ఈ రెండు సంగతులూ చెప్పగలిగితే మాట సూటిగా మొదలవుతుంది.

లారీ షెడ్డు అందరికీ ముందు తట్టే దారి. విజయవాడ ఆటోనగర్ ఎంతో దూరం లేదు, మన ఊళ్లలోనూ చిన్న షెడ్లున్నాయి. వాళ్ల బలాలు తక్కువేం కాదు. ఛాసీ (బండి కింది చట్రం) మీద బాడీ ఎలా కూర్చోవాలో, బోల్టు ఎక్కడ పడాలో, గతుకుల్లో ఏ మూల విరుగుతుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వెల్డింగు, టింకరింగు, పెయింటు అన్నీ ఒకే ఆవరణలో అయిపోతాయి. మీది పాత చెక్క బాడీ లారీయో బస్సో అయితే ఇంకో ఆలోచన వద్దు, అక్కడికే తోలండి. కారు దగ్గరే చిక్కు. లారీ షెడ్డులో పని వేగానికి అలవాటుపడి ఉంటుంది. ‘పాతదంతా పీకేసి కొత్తది కట్టేద్దాం సార్, ఇనుప యాంగిల్ వేస్తే జన్మలో చూసుకోనక్కర్లేదు’ అంటారు. మీ మేలు కోరే అంటారు. కానీ చెక్క ఉన్నచోట ఇనుము వేస్తే బరువు పెరుగుతుంది, రేకు మేకులు కొట్టడానికి చోటుండదు, తలుపు వంపు మారిపోతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

అందులో చట్టం సంగతి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, పదేళ్లు చెల్లుతుంది, ఆపైన రెన్యువల్‌కు రూ.5,000. అలాంటి బండిని కిరాయికి తిప్పకూడదు, రోజువారీ తిరుగుళ్లకూ వాడకూడదు. అసలు షరతు ఏమిటంటే బండి మొదటి రూపంలోనే ఉండాలి, ఛాసీలో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. ఇనుప యాంగిళ్ల మీద కట్టిన బాడీ చూపించి ఇది 1934 కారే అంటే ఒప్పించడం కష్టం.

పడవ మేస్త్రి దారి వేరు. తాళ్లరేవు, కోరంగి వైపు వెళ్తే ఆ పనివాళ్లు ఉంటారు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టినా చుట్టుపక్కల చెక్క పని మాత్రం పోలేదు. ఇటు నరసాపురంలో 17వ శతాబ్దంలోనే ఐరోపావాళ్లు ఓడలు కట్టించుకున్నారు. ఫైబర్ పడవలు వచ్చాక చెక్క పని తగ్గింది, చెయ్యి తిరిగిన పెద్దవాళ్లకు ఇప్పుడు ఖాళీ దొరుకుతోంది. మన అవసరానికి ఇది ఒకరకంగా కలిసొచ్చినట్టే, చెప్పుకోవడానికి బాధగా ఉన్నా.

పడవలో తిన్నని గీత దాదాపు ఉండదు. పాత కారు బాడీలోనూ అంతే. వెనక చక్రం మీద తిరిగే వంపు చెక్క సంగతే చూడండి. ఇంటి వడ్రంగి అయితే వెడల్పాటి పలక మీద గీత గీసి రంపంతో కోసేస్తాడు. చూపుకు బాగానే ఉంటుంది, కానీ వంపు కొసల్లో చెక్క నార అడ్డంగా తెగిపోతుంది. రెండు గతుకులు తగిలితే అక్కడే చీలుతుంది. పడవ మేస్త్రి ముందు దుంగల కుప్ప దగ్గరికి వెళ్తాడు. చెట్టులోనే వంపు తిరిగిన ముక్కను ఏరి, నార వాటం వంపు వెంబడే సాగేలా బాడిసతో చెక్కుకొస్తాడు. పలకను వంచాలంటే తడిపి, సెగ చూపించి, బరువులు వేసి వంచుతాడు. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ముందే ఊహించడం ఆయన వృత్తిలోనే ఉంది.

ఇంకో సుగుణం, పాత ముక్కను పారేయడు. ‘ఆయ్, అది ఇప్పుడే ఊడదియ్యకండి, ముందు అచ్చు తీసుకోవాలండి’ అనే మనిషి దొరికాడంటే సగం పని అయినట్టే. పుచ్చిన చెక్కను బండి మీద ఉండగానే ప్లైవుడ్ ముక్క మీద గీసుకుని, మర బెజ్జాలతో సహా గుర్తులు పెట్టుకుని, అప్పుడు విప్పుతాడు. విప్పితే పిండిలా రాలిపోయే ముక్కకు ఆ గీతే ఆధారం.

లోపాలూ ఉన్నాయి. పడవలో అంగుళం తేడా వస్తే సముద్రం అడగదు. కారు తలుపు చుట్టూ సందు ఒక పక్క ఎక్కువైతే తాళం పడదు, అద్దం బిగుసుకుంటుంది. పైగా గట్టిదనం కోసం చెక్కను లావుగా వేసే అలవాటు. ఎంత వద్దన్నా కాస్త లావుగానే వేస్తాడు. అందుకే పక్కన పాత టింకరు (రేకు పనివాడు) ఒకడు ఉండాలి, పాత బస్సులకు రేకు కొట్టిన చెయ్యి అయితే ఇంకా మంచిది. చెక్క బిగించకముందే రేకు ఆనించి చూసి, ఇక్కడ రెండు నూళ్లు (పావు అంగుళం) తీయండి మేస్త్రిగారూ అనగలిగేవాడు కావాలి. ఈ జోడీ కుదిర్చే బాధ్యత మాత్రం యజమానిదే. వాళ్లంతట వాళ్లు కలవరు.

ఇంటి వడ్రంగుల్లో మండువా ఇళ్లకు పనిచేసిన తరం వేరు, ఇప్పటి ప్లైవుడ్, సన్‌మైకా పని వేరు. మొదటి రకం దొరికితే డాష్‌బోర్డు, తలుపుల లోపలి పట్టీలు, పాలిష్ లాంటి కంటికి కనబడే పని కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. ఫ్రేము మాత్రం వద్దు. ఇంట్లో చెక్క కదలదు, బండిలో కదలకుండా ఉండదు. రెండో రకం వాళ్లు సాదా తెల్ల జిగురు పెట్టి మర బిగిస్తారు. ఆ జిగురు తడికి ఆగదు.

చక్రాల వాళ్ల దగ్గర ఒక ఆశ పుడుతుంది. ఫోర్డ్ మోడల్-టి లాంటి 1920ల బళ్లకు చెక్క ఆకుల (స్పోకుల) చక్రాలుండేవి కదా, మన ఎడ్ల బండి వడ్రంగి చేయలేడా అని. చేస్తాడు, చూడ్డానికి అచ్చం అలాగే చేస్తాడు. జట్కాకో గూడు బండికో అయితే ఆయన్ని మించినవాడు లేడు. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగుసుకుపోయేలా చేసే పని చూసి తీరాలి. కానీ ఎద్దు నడక వేగం వేరు. కారు మలుపు తిరిగినప్పుడు పక్కకు పడే ఒత్తిడంతా ఆ ఆకుల మీదే పడుతుంది. అమెరికా వాళ్లు వాటికి అదురు తట్టుకునే హికరీ కలపే వాడారంటే ఊరికే కాదు. ప్రాణంతో పని కాబట్టి చక్రాలు ఆ పనే చేసే వర్క్‌షాపు నుంచి తెప్పించుకోవడం మేలు. రథాల శిల్పులది మరీ పెద్ద కొలతల పని. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోతే 2021 ఫిబ్రవరికల్లా కొత్త టేకు రథం సిద్ధమైంది, అంత నేర్పు ఉంది. అయినా ఆ చేతులను కారు తలుపుకు పిలవడం పనికీ మర్యాదకూ కుదరదు.

కోయంబత్తూరు, ముంబై లాంటి చోట్ల పాత కార్ల పనే చేసే వర్క్‌షాపులకు పంపడం అన్నిటికన్నా ఖర్చైన దారి. బండి నిజంగా అరుదైనదై, అమ్మే ఉద్దేశం కూడా ఉంటే అదే సరైనది. కాకపోతే మొదలుపెట్టే ముందు కోయంబత్తూరులోని జీడీ కార్ల మ్యూజియానికి ఒకసారి వెళ్లి రావడం మంచిది. అసలు బళ్లను దగ్గర నుంచి చూస్తే ఎక్కడ ఏముండాలో మనకే ఒక అంచనా వస్తుంది.

పడవ మేస్త్రిని అనుకుంటే రోజులు చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం, మర పడవలన్నీ ఒడ్డుకెక్కేది అప్పుడే, ఆ రెండు నెలలూ ఆయన మీ ఫోను కూడా ఎత్తడు. వానాకాలంలో చెక్క తేమ పట్టి ఉబ్బుతుంది, అప్పుడు బిగించిన అతుకు వేసవికి వదులైపోతుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మార్చి దాకా అనుకూలం. గుత్తకు మాత్రం ఇవ్వొద్దు. రేకు విప్పితే గానీ లోపల ఎంత పోయిందో తెలియని పనికి ముందే రేటు చెప్పేవాడు తర్వాత ఎక్కడో కోత పెడతాడు. రోజు కూలి మీద ముందు ఒక్క తలుపు ఇచ్చి చూడండి.

కలప కోసం పాత మండువా ఇల్లు విప్పుతున్న చోట అడగండి. దశాబ్దాలుగా ఆరిన టేకు దూలాలు దొరుకుతాయి, డిపోలో కొత్త టేకు కన్నా అవే నయం. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఎపాక్సీ జిగురు పెట్టే ముందు థిన్నరుతో తుడవాలి, మరలు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో వాడాలి. బాగా వంగే, అదురు తట్టుకునే చోట టేకు కొంచెం పెళుసు. అక్కడ చిరుమాను లాంటి కలప అడగండి, గొడ్డలి కర్రలకు వాడేది అదే. పాత దూలాన్ని కోత మిల్లుకు తీసుకెళ్లే ముందు లోపలి మేకులన్నీ పీకించండి. ఒక్క మేకు తగిలి రంపం బ్లేడు పోతే మిల్లువాడు ఆ దూలాన్ని అక్కడే దించేసి ఇంటికి పొమ్మంటాడు.